మొదటి నొక్కుకు ఉలకని అక్షరం

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చాలామంది పిల్లలు ఇలాగే పెరుగుతారు. అందుకే ఇక్కడి కాలేజీ కుర్రాళ్లు ప్రాజెక్టుకి ఏం రాద్దామా అని ఆలోచించేటప్పుడు అక్షరాలు పలికే ప్రోగ్రాం మీదికి మనసు పోతుంది. తెర నిండా గళ్లు. గడిని నొక్కితే ఆ అక్షరం తెలుగులో వినిపించాలి, పైన బటన్ మారిస్తే ఒడియాలో వినిపించాలి. మంచి ఆలోచన, పిల్లలకు పనికొచ్చే పని. అలాంటి ఒక ప్రోగ్రాం గురించి ఈ మధ్య చెవినపడ్డ మాట ఇది: “ఏటి సార్, మొదటిసారి నొక్కితే ఉలకదు, పలకదు. రెండోసారి నొక్కితే పలుకుతాది. మిషన్ పాతదైపోనాది.”

మిషన్ పాతదే అనుకుందాం. రెండోసారి నొక్కినప్పుడు కూడా అది అంతే పాతది. మరి అప్పుడెలా పలికింది? ఆ రెండు నొక్కుల మధ్య మారింది ప్రోగ్రాంలోని ఒక క్లాసు (పేరు పెట్టి కట్టగట్టిన కోడు ముక్క) స్థితి. మొదటి నొక్కుకి ఆ క్లాసు ఇంకా లోడ్ కాలేదు, రెండో నొక్కుకి అయిపోయింది. ప్రోగ్రాం రాసింది జావా భాషలో. జావా నేర్పే చోట దీన్ని ఒక గంటలో చెప్పేసి ముందుకు పోతారు. మామూలు లెక్కల ప్రోగ్రాంలో అది సరిపోతుంది కూడా. శబ్దం, బొమ్మ, వీడియో ఉన్న ప్రోగ్రాంలో సరిపోదు. స్పీకరు తెరవడం, ఫైళ్లు చదవడం, నేటివ్ లైబ్రరీ (జావా బయట రాసిన కోడు) ఎక్కించడం లాంటి పనులేవీ క్లాసు ఇనిషియలైజేషన్‌లో, అంటే క్లాసును మొదటిసారి వాడేముందు ఒక్కసారే జరిగే సన్నాహంలో, ఉండకూడదు, ఒక్కటి కూడా ఉండకూడదు అన్నది నా అభిప్రాయం. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో, ఎక్కడ నాకే అనుమానం ఉందో రెండూ చెబుతాను.

ఒక్క నొక్కు వెనక

ఉదాహరణకి క్లాసు పేరు ధ్వనిపేటి అనుకుందాం. (జావాలో క్లాసులకు తెలుగు పేర్లే పెట్టుకోవచ్చు. జావా 18 నుంచి యూటీఎఫ్-8 మామూలు ఎన్‌కోడింగ్ అయింది. అంతకు ముందు వెర్షన్ అయితే కంపైల్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ మనమే చెప్పాలి, లేకపోతే విండోస్‌లో పేర్లు చెడిపోతాయి.) ఈ క్లాసు స్టాటిక్ బ్లాకులో (ఇనిషియలైజేషన్‌లో నడిచే కోడు ఇదే) 56 అక్షరాల వేవ్ ఫైళ్లు చదివి, ఆడియో లైను తెరిచే కోడు ఉంది. బటన్ నొక్కగానే ధ్వనిపేటిలోని పలికించు అనే స్టాటిక్ మెథడ్‌ను పిలుస్తారు.

ప్రోగ్రాం మొదలైనప్పుడు ఈ క్లాసు ఊసే ఉండదు. మొదటి నొక్కుతోనే అన్నీ మొదలు. జేవీఎం (జావా ప్రోగ్రాంలను నడిపే సాఫ్ట్‌వేర్) క్లాస్ ఫైలును వెతికి చదువుతుంది, తల్లి క్లాసు లోడ్ కాకపోతే దాన్నీ తెస్తుంది, బైట్‌కోడ్ సరిగా ఉందో లేదో తనిఖీ చేస్తుంది, స్టాటిక్ ఫీల్డులకు చోటు ఇచ్చి వాటిలో సున్నాలూ నల్‌లూ పెడుతుంది. ఆ తర్వాత తల్లి క్లాసును ఇనిషియలైజ్ చేసి, చివరికి ఈ క్లాసు స్టాటిక్ కోడును పైనుంచి కిందికి వరసగా నడుపుతుంది. జావా సౌండ్‌ను తాకగానే ఆ లైబ్రరీ తనకు కావలసిన మిక్సర్లు, ఫైలు రీడర్లు ఎక్కడున్నాయో సర్వీస్ లోడర్‌తో వెతుక్కుంటుంది. వాటి క్లాసులు మరికొన్ని లోడ్ అవుతాయి. ఇదంతా స్వింగ్‌లో (కిటికీలు, బటన్లు గీసే జావా లైబ్రరీ) తెర గీసే థ్రెడ్ (పనులు ఒకదాని వెనక ఒకటి నడిచే దారి) మీదే జరుగుతుంది, ఎందుకంటే నొక్కిన బటన్ కోడు నడిచేది దాని మీదే. బటన్ లోపలికి వెళ్లినట్టు కనిపించి అక్కడే ఆగిపోవడానికి కారణం ఇదే.

ఇక టైము లెక్క. సెకనుకి 60 ఫ్రేములు గీయాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికేది 16.67 మిల్లీ సెకన్లు. సెకనుకి 44,100 శబ్ద నమూనాల వేగంతో 512 నమూనాల ఆడియో బఫర్ (పలికేముందు శబ్దం నిలవ ఉండే చోటు) పెట్టుకుంటే అది 11.6 మిల్లీ సెకన్లలో ఖాళీ అయిపోతుంది. 56 ఫైళ్లు హార్డ్ డిస్కు నుంచి చదవడం ఈ రెండింట్లో దేనిలోనూ పట్టదు. వేలు తగిలాక పదో వంతు సెకను దాటితేనే పిల్లవాడికి శబ్దానికీ తన వేలికీ సంబంధం తెగిపోతుంది, ఇంకోసారి నొక్కుతాడు. ఆ రెండో నొక్కు వరసలో నిలబడి ఉంటుంది. క్లాసు సిద్ధం కాగానే అక్షరం రెండుసార్లు పలుకుతుంది. ‘ఒక్కోసారి డబుల్ వస్తాది’ అనే ఫిర్యాదు పుట్టేది కూడా ఇక్కడే.

దీన్ని కళ్లారా చూడాలంటే జావా 9, ఆపై వెర్షన్లలో ఎక్స్‌లాగ్ అనే ఆప్షన్ ఉంది. దానికి క్లాస్+లోడ్ అని ఇస్తే ఏ క్లాసు ఎప్పుడు, ఎక్కడి నుంచి లోడ్ అయిందో ఒక్కో వరుసలో రాస్తుంది. క్లాస్+ఇనిట్ అని ఇస్తే ఇనిషియలైజేషన్ వివరాలు వస్తాయి. పాత జావా 8లో వెర్బోస్ క్లాస్ ఆప్షన్. తెర వచ్చాక లాగ్ ఆగిపోతుంది. బటన్ నొక్కగానే వరుసలు మళ్లీ దొర్లుతాయి. రెండోసారి నొక్కితే దాదాపు ఏమీ రాదు. మిషన్ తప్పు అనేవాళ్లకి ఇది ఒక్కసారి చూపిస్తే చాలు.

ఒక్కటే అవకాశం

ఆలస్యం ఒక్కటే అయితే నేను ఇంత గొడవ పెట్టుకోను. అసలు ప్రమాదం ఇనిషియలైజేషన్ విఫలమైనప్పుడు ఉంది.

స్పీకరు తీగ ఊడిపోయి ఉంది, లేదా 56లో ఒక ఫైలు కాపీ కాలేదు. స్టాటిక్ బ్లాకులో ఎక్సెప్షన్ (పనిని మధ్యలో ఆపే తప్పు) వస్తుంది. చెక్డ్ ఎక్సెప్షన్‌ను (తప్పక పట్టుకోవాల్సిన రకం) కంపైలర్ అక్కడి నుంచి బయటికి వదలనివ్వదు కాబట్టి చాలామంది పట్టుకుని రన్‌టైమ్ ఎక్సెప్షన్‌గా మార్చి విసురుతారు. జేవీఎం దాన్ని ‘ఎక్సెప్షన్ ఇన్ ఇనిషియలైజర్ ఎర్రర్’లో చుట్టి ఇస్తుంది. ఇక్కడివరకూ న్యాయమే, కారణం లోపల కనిపిస్తుంది. ఆపైన ఆ క్లాసు మీద చెడిపోయినదనే ముద్ర పడుతుంది. ఆ ముద్రను తుడవడానికి దారి లేదు. రెండోసారి నొక్కితే స్టాటిక్ బ్లాకు మళ్లీ నడవదు, నేరుగా ‘నో క్లాస్ డెఫ్ ఫౌండ్ ఎర్రర్’ వస్తుంది. తీగ మళ్లీ పెట్టినా, ఫైలు కాపీ చేసినా అంతే. ప్రోగ్రాం మూసి మళ్లీ తెరిచేదాకా ఆ అక్షరాలు మూగవే.

ఈ రెండో ఎర్రర్ పేరు మనుషుల్ని ఎంత తప్పుదారి పట్టిస్తుందో చెప్పలేను. పేరు చూసి క్లాస్ ఫైలు దొరకలేదనుకుంటారు. క్లాస్‌పాత్ సరిచేస్తారు, జార్ మళ్లీ కడతారు, జావా తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. క్లాస్ ఫైలు మాత్రం మొదటినుంచీ ఉన్నచోటే ఉంది. సందేశాన్ని చివరిదాకా చదివితే ‘కుడ్ నాట్ ఇనిషియలైజ్ క్లాస్’ అని ఉంటుంది. ఆ మాట కనబడితే వెనక్కి పోయి మొదటి ఎర్రర్‌ను వెతకాలి. జార్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిచిన ప్రోగ్రాంకి కన్సోలే ఉండదు కాబట్టి ఆ మొదటి ఎర్రర్‌ను ఎవరూ చూసి ఉండరు. స్వింగ్ థ్రెడ్ ఎర్రర్ వచ్చినా ఆగదు, తెర మామూలుగానే ఉంటుంది. బటన్లు నొక్కుడు పడుతూనే ఉంటాయి.

నేటివ్ లైబ్రరీ విషయంలో చిన్న తేడా ఉంది. 64 బిట్ జావాకి 32 బిట్ లైబ్రరీ ఇస్తే వచ్చే ‘అన్‌శాటిస్‌ఫైడ్ లింక్ ఎర్రర్’ స్వతహాగా ఎర్రర్ రకం కాబట్టి చుట్టకుండా నేరుగా బయటికొస్తుంది. రెండోసారి మాత్రం అదే ‘నో క్లాస్ డెఫ్ ఫౌండ్’.

శబ్దానికి సంబంధించిన సామాను మామూలుగానే వస్తూ పోతూ ఉంటుంది. హెడ్‌ఫోన్ తీస్తారు, పెడతారు. ఇంకో ప్రోగ్రాం ఆడియోను పట్టుకుని ఉంటుంది. కరెంటు పోయి వస్తే విడిగా పవరు తీసుకునే యూఎస్‌బీ స్పీకరు కాసేపు కనబడదు. పోయి వచ్చే వస్తువుని జీవితంలో ఒక్కసారే నడిచే కోడు చేతిలో పెట్టడం తప్పు అంటాను. ఆబ్జెక్టులో తెరువు అనే మెథడ్ ఉంటే అది విఫలమైనా ఇంకోసారి పిలవొచ్చు. క్లాసుకి ఆ రెండో అవకాశం లేదు.

రాసిన వరుస, నడిచిన వరుస

ఒక పొరపాటును దగ్గరగా చూపిస్తాను. ధ్వనిపేటి క్లాసులో రెండు స్టాటిక్ ఫీల్డులు ఉన్నాయి. మొదటి వరుసలో ‘ఒక్కటి’ అనే ఫీల్డుకి కొత్త ధ్వనిపేటి ఆబ్జెక్టు. రెండో వరుసలో ‘వేగం’ అనే ఇంట్ ఫీల్డుకి 44100. కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టును కట్టే కోడు) లోపల ఒక సెకను శబ్దానికి సరిపడా బైట్ల ఎర్రే (వరస గళ్లు), అంటే వేగం రెట్లు 2, మొత్తం 88,200 బైట్లు. ఆ బఫర్‌తో ఫైలు చదివే లూపు: రీడ్ తిరిగిచ్చే విలువ మైనస్ 1 అయ్యేదాకా చదువుతూ పో.

చూడ్డానికి ఏ తప్పూ లేదు. కానీ స్టాటిక్ కోడు నడిచేది రాసిన వరుసలో. ‘ఒక్కటి’ ముందుంది కాబట్టి కన్‌స్ట్రక్టర్ ముందు నడుస్తుంది. అప్పటికి వేగంలో ఉన్నది చోటు ఇచ్చినప్పుడు పెట్టిన సున్నా. ఎర్రే పొడవు సున్నా. సున్నా పొడవు ఎర్రే జావాలో చెల్లుతుంది, ఎక్సెప్షన్ రాదు. సున్నా పొడవు బఫర్‌లోకి రీడ్ చేస్తే తిరిగొచ్చేది మైనస్ 1 కాదు, 0. లూపు ఎప్పటికీ ఆగదు. శబ్దం లేదు, ఎర్రర్ లేదు, తెర బిగుసుకుపోయింది, సీపీయూ ఫ్యాను మాత్రం హోరెత్తుతోంది.

వేగం ముందు ఫైనల్ అని చేరిస్తే ఇదే ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది. ఫైనల్ చేర్చి నేరుగా 44100 అని రాస్తే అది కంపైల్ సమయంలోనే తేలిపోయే స్థిరాంకం. వాడిన ప్రతి చోటా కంపైలర్ ఆ అంకెనే రాసేస్తుంది. అదే ఫైనల్‌కి విలువను సెట్టింగుల ఫైలు నుంచి చదివి ఇస్తే స్థిరాంకం కాదు, మళ్లీ సున్నాయే కనబడుతుంది. ఒక మాట చేర్చితే నడిచి, ఇంకో మాట మారిస్తే ఆగిపోయే కోడు చూసి కుర్రాళ్లు జావా మీదే నమ్మకం పోగొట్టుకుంటారు. వాళ్ల మీద నాకు జాలి వేస్తుంది. తప్పు వాళ్ల తెలివిది కాదు, ఆ పనిని అక్కడ పెట్టమని నేర్పిన ఉదాహరణలది.

ఈ స్థిరాంకం సంగతే ఇంకోచోట కూడా దెబ్బ కొడుతుంది. క్లాసును ముందుగా లేపుదామని ప్రోగ్రాం మొదట్లో ధ్వనిపేటి వేగాన్ని ఒకసారి చదివి వదిలేస్తారు. అంకె అప్పటికే అచ్చయిపోయింది కాబట్టి క్లాసు కదలదు. ధ్వనిపేటి రకం ఎర్రే కట్టినా కదలదు. క్లాస్ లోడర్‌లోని లోడ్‌క్లాస్ పిలిస్తే లోడ్ అవుతుంది గాని ఇనిషియలైజ్ కాదు. క్లాస్ డాట్ ఫర్‌నేమ్ ఒక్క పేరుతో పిలిస్తే రెండూ అవుతాయి. జావా 15 నుంచి ఇదే పని సూటిగా చేయడానికి మెథడ్ హ్యాండిల్స్ లుకప్‌లో ఎన్ష్యూర్ ఇనిషియలైజ్డ్ అనే మెథడ్ వచ్చింది.

రెండు థ్రెడ్లు ఉన్న చోట ఇంకో ముడి పడుతుంది. అక్షరమాల తల్లి క్లాసు, తెలుగుమాల, ఒడియామాల దాని పిల్లలు. మామూలు భాష తెలుగే కదా అని తల్లి క్లాసులో స్టాటిక్‌గా ఒక తెలుగుమాల ఆబ్జెక్టు పెడతారు. తెర థ్రెడ్ అక్షరమాలను తాకి దాని తాళం పట్టుకుంటుంది, లోపల తెలుగుమాల కావాలంటుంది. సరిగ్గా అప్పుడే శబ్దం థ్రెడ్ తెలుగుమాలను తాకి దాని తాళం పట్టుకుంటుంది, తల్లి ముందు సిద్ధం కావాలి కాబట్టి అక్షరమాల కోసం ఆగుతుంది. ఇద్దరూ అక్కడే ఉండిపోతారు. ఇది డెడ్‌లాక్ అని జేస్టాక్ (థ్రెడ్లు ఏం చేస్తున్నాయో చూపే పనిముట్టు) పట్టి చెప్పదు, థ్రెడ్ స్థితి దగ్గర రన్నబుల్ అనే చూపిస్తుంది. పది సార్లు నడిచి పదకొండోసారి ఆగే ప్రోగ్రాంలో ఇలాంటిదే ఉందేమో చూడాలి. తల్లి క్లాసు స్టాటిక్‌లో పిల్ల క్లాసు పేరు రాకూడదు.

మరి అవసరమైనప్పుడే లోడ్ చేయడం మంచిది కాదా?

ఈ ప్రశ్న న్యాయమైనది. వాడని క్లాసును లోడ్ చేయకపోవడం వల్లే జావా ప్రోగ్రాం తొందరగా మొదలవుతుంది. అన్నీ ముందే తెస్తే 4 జీబీ ర్యామ్ ఉన్న బడి కంప్యూటర్లో మొదటి తెర రావడానికే విసుగొస్తుంది. మెమరీ సంగతి కూడా ఉంది. ఒక అక్షరం ఒక సెకను, మోనో, 16 బిట్, 44,100 అయితే 88,200 బైట్లు. 56 కలిపితే 49,39,200 బైట్లు, 5 ఎంబీ లోపే. దీన్ని పూర్తిగా మెమరీలో ఉంచుకోవచ్చు. అదే ఐదు నిమిషాల స్టీరియో పాట విప్పితే సెకనుకి 1,76,400 చొప్పున 5 కోట్ల 29 లక్షల బైట్లు. అలాంటి పాటలు పది ముందే విప్పి పెట్టుకోవడం అన్యాయం. పాటను ముక్కలు ముక్కలుగా చదువుతూ సోర్స్ డేటా లైనులోకి (శబ్దాన్ని ముక్కలుగా అందుకునే ఆడియో లైను) రాయాలి. చిన్న శబ్దాలకు కూడా 56 క్లిప్పులు (శబ్దాన్ని మొత్తం ముందే ఎక్కించుకునే లైన్లు) తెరిచే కంటే బైట్ ఎర్రేలు ఉంచుకుని ఒకే లైనులోకి రాయడం మేలు. క్లిప్పులు ఎన్ని తెరవొచ్చన్నది ఆ కంప్యూటర్ మిక్సర్ మీద ఉంటుంది, లైను దొరకదన్న ఎక్సెప్షన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం.

కాబట్టి వాయిదా వేయడాన్ని నేను తప్పుపట్టడం లేదు. వాయిదా ఎప్పుడు తీరాలో క్లాసు ఇనిషియలైజేషన్ నిర్ణయించడాన్ని తప్పుపడుతున్నాను. పాటను పాట ఆబ్జెక్టే అవసరమైనప్పుడు తెరవనివ్వండి, విఫలమైతే మళ్లీ ప్రయత్నించనివ్వండి.

లోపల ఇంకో చిన్న క్లాసు పెట్టి అందులో ఒక్క ఆబ్జెక్టు దాచే పద్ధతి ఉంది కదా, తాళాలు జేవీఎమ్మే చూసుకుంటుంది, అందులో తప్పేముంది అని అడుగుతారు. విఫలం కాని పనికి అది చాలా మంచిది. 4,096 విలువల సైన్ పట్టిక, గుణింతం గుర్తుల పట్టిక అలా పెట్టుకోవచ్చు. స్పీకరు పెట్టకూడదు. క్లాస్ డేటా షేరింగ్ గురించి కూడా చెబుతారు. జావా 13 నుంచి ప్రోగ్రాం ముగిసేటప్పుడు తన క్లాసుల ఆర్కైవ్ రాసుకునే ఆప్షన్ వచ్చింది. పాత కంప్యూటర్ల మీద అది వాడాల్సిందే. అది తగ్గించేది క్లాసు చదివి తనిఖీ చేసే ఖర్చును. మన స్టాటిక్ బ్లాకు మాత్రం ప్రతిసారీ నడవాల్సిందే.

నిజంగా అనుమానం ఉన్నది ఒక్క చోటే. ముందే సిద్ధం చేయాల్సినవి ఏవో ఎవరు చెబుతారు? చేత్తో రాసుకున్న జాబితా ఆరు నెలలకి పాతబడుతుంది. నాకు తోచిన దారి, జాబితాలో క్లాసుల పేర్లు రాయకుండా ఆబ్జెక్టులు కట్టడం. ఆడియో లైనును ఒక ఆబ్జెక్టు తెరుస్తుంది. అక్షరాల ఆబ్జెక్టు దాన్ని కన్‌స్ట్రక్టర్లో అడుగుతుంది. బటన్ల తెర అక్షరాల ఆబ్జెక్టును అడుగుతుంది. ఏది ముందో ఏది వెనకో అప్పుడు కంపైలరే చూసుకుంటుంది.

మొదలుపెట్టే వరుస

మెయిన్‌లో ఖాళీ కిటికీ ఒక్కటే తెరవాలి, అందులో సిద్ధమవుతోంది అన్న మాట. బటన్లు కనిపించినా నొక్కుడు పడకుండా ఉంచాలి. ఆపైన స్వింగ్ వర్కర్ థ్రెడ్‌లో పని. ముందు ఆడియో లైను తెరవాలి. తెరుచుకోకపోతే దాని బదులు ఏమీ పలకని మూగ ఆబ్జెక్టు పెట్టి, స్పీకరు చూసుకుని మళ్లీ నొక్కండి అన్న బటన్ ఒకటి చూపించాలి. తెరుచుకుంటే పదో వంతు సెకను నిశ్శబ్దం, అంటే 8,820 సున్నా బైట్లు రాయాలి. రాసే దారిలో ఉన్న క్లాసులన్నీ ఆ ఒక్క రాతతో లేచి కూర్చుంటాయి. తర్వాత ఫైళ్లు. ఒక ఫైలు లేకపోతే ఆ ఒక్క అక్షరం గడి బూడిద రంగులో ఉండాలి, మిగతా 55 పలకాలి. తర్వాత ఫాంటు. తెలుగు ఒత్తులూ ఒడియా ఒత్తులూ మొదటిసారి గీసినప్పుడు అక్షరాలను పేర్చే లైబ్రరీ లోడ్ అవుతుంది కాబట్టి, కనబడని బఫర్డ్ ఇమేజ్ మీద ‘క్ష్మి’ లాంటిది ఒకటి గీసి పారేయాలి. ఇవన్నీ అయ్యాకే బటన్లు తెరవాలి.

పైథాన్‌లో రాసేవాళ్లకి బాధ ఇంకో రకం. అక్కడ క్లాసు లోపలి వరుసలు ఇంపోర్ట్ చేసినప్పుడే నడుస్తాయి. క్లాసు లోపల మెథడ్ బయట పైగేమ్ (పైథాన్‌లో ఆటల లైబ్రరీ) మిక్సర్ సౌండ్ పెడితే, మిక్సర్ ఇంకా మొదలుకాలేదు అన్న ఎర్రర్‌తో ఇంపోర్టే ఆగిపోతుంది. ఇంపోర్టుల వరుస మార్చి సరిచేయకండి. ఆ వరుసను ఇనిట్ మెథడ్‌లోకి దింపండి, మిక్సర్‌కి ప్రీ-ఇనిట్ ఇవ్వాలంటే అది పైగేమ్ ఇనిట్ కంటే ముందుండాలి.

బ్రౌజర్‌లో నా వరుస పూర్తిగా చెల్లదు, ఒప్పుకోవాలి. క్రోమ్‌లో 2018 చివర వచ్చిన 71వ వెర్షన్ నుంచి, మనిషి పేజీని తాకకముందు ఆడియో కాంటెక్స్ట్ (బ్రౌజర్‌లో శబ్దం నడిపే ఆబ్జెక్టు) కట్టినా అది ఆగిన స్థితిలోనే ఉంటుంది. స్పీకరును ముందే తెరవడం కుదరదు. ఫైళ్లు తెచ్చి, విప్పి పెట్టుకోవడం మాత్రం కుదురుతుంది. మన వైపు ప్రోగ్రాంలకి ఇక్కడ ఒక వీలు దొరుకుతుంది. మొదటి తెర మీద ఎలాగూ రెండు పెద్ద బటన్లు ఉంటాయి: తెలుగు, ఒడియా. ఆ నొక్కే అనుమతి. దాని మీదే ఆడియోను లేపొచ్చు, ఎంచుకున్న భాష శబ్దాలు మాత్రమే తేవొచ్చు, రెండో భాషను వెనక నెమ్మదిగా తెచ్చుకోవచ్చు.

గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పి, సవర గిరిజనుల భాష మీద పనిచేసిన ఊరు పర్లాకిమిడి. కాబట్టి మూడో బటన్ కూడా ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. సవర భాషకు 1936లో మంగెయ్ గమాంగో తయారుచేసిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్ 6.1లో చేరింది. దాని అక్షరాలు 110డీ0 నుంచి మొదలవుతాయి. తెలుగు, ఒడియా అక్షరాల్లా ఒక్క క్యార్‌లో (జావాలో అక్షరానికి ఇచ్చే 16 బిట్ల చోటు) పట్టవు, ఒక్కో అక్షరానికి రెండు క్యార్‌లు కావాలి. క్యార్‌ను అంకెగా వాడుకుని స్టాటిక్ పట్టిక కట్టిన ప్రోగ్రాంలో ఆ మూడో బటన్ పెట్టగానే పట్టిక తప్పుతుంది, తప్పింది క్లాసు ఇనిషియలైజేషన్‌లో కాబట్టి తెలుగు కూడా దానితోపాటే మూగబోతుంది. పట్టిక ఆబ్జెక్టులో ఉండి, కోడ్ పాయింట్‌తో (అక్షరానికి యూనికోడ్ ఇచ్చిన అంకెతో) వెతికితే సవర ఫోల్డరు ఒకటి చేర్చడమే పని.